‘చూడ చూడ రుచుల జాడ వేరు’: ఇందులో యతి ఎక్కడుంది?

గౌతమి_బీఏ
నమస్కారమండీ. బీఏ తెలుగు రెండో ఏడాది. గణవిభజన (పాదాన్ని గురులఘువుల గుంపులుగా విడగొట్టడం) సాధన చేస్తూ ఈ పద్యం దగ్గర ఆగిపోయాను.

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్య పురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

ఆటవెలదిలో నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి పడాలి, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి ధ్వని పొంతన కుదరాలి కదా. కింది రెండు పాదాల్లో పు–పు, వి–వి సరిపోయాయి. పై రెండింటిలో ఉ–నొ, చూ–జా వస్తున్నాయి. ఇవెలా కుదురుతాయి?

పాతప్రతి
చ, జలకు యతిమైత్రి (పొంతన) ఉంది కానీ ఊకారానికీ ఆకారానికీ లేదు. వేమన పద్యాలకు పాఠాంతరాలు ఎక్కువ. సి.పి. బ్రౌన్ వాటిని 1829లో అచ్చు వేయించినప్పుడే రాతప్రతులు పోల్చి చూడాల్సి వచ్చింది. ఇక్కడ పాఠం చెడిందేమో.

బడిపంతులు
పాఠానికి ఏ లోపమూ లేదండీ. గౌతమమ్మా, రెండో పాదం పైకి చదువు. ‘చూడ’, ‘జాడ’. చెవికి ఏం తగిలింది? డకారం. మొదటి అక్షరాలు కలవకపోయినా వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలిశాయి. దీన్నే ప్రాసయతి అంటారు. చూ, జా రెండూ గురువులే (పలకడానికి ఎక్కువ సేపు పట్టే అక్షరాలే) కావడం కూడా గమనించు. ఒకటి గురువై మరొకటి లఘువైతే (పొట్టి అక్షరమైతే) ఒప్పరు.

మొదటి పాదంలో సంధి విడదీయాలి. కప్పురంబును + ఒక్క. నకారం ముందు పదానిది, యతి చూడాల్సింది ‘ఒ’కు. ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు కాబట్టి ‘ఉప్పు’తో హాయిగా కుదిరింది. ‘అనగననగ రాగ మతిశయిల్లుచునుండు’లోనూ ఇంతే, ‘మ’ను పక్కన పెట్టి ‘అతిశయిల్లు’లో అకారాన్ని పట్టుకోవాలి. పిల్లలకు యతి చెప్పాలంటే నేను ముందు తీసేది ఈ ఉప్పు కప్పురం పద్యమే. నాలుగు పాదాల్లో మూడు రకాలు దొరుకుతాయి! కాగితం మీద గీతలు గీసేముందు పద్యం రాగం తీసి చదివించాలి. ఆ అలవాటు మన తరగతుల్లో పోతోందని నాకు నిజంగా బాధ.

పాతప్రతి
ప్రాసయతి సంగతి తట్టలేదు. ధన్యవాదాలు మాస్టారూ.

గౌతమి_బీఏ
మాస్టారూ, మరి ఉత్పలమాలలోనూ ప్రాసయతి వేయొచ్చా?

బడిపంతులు
కుదరదమ్మా. ఆటవెలదికి, తేటగీతికి, సీసానికి ప్రాసనియమం (అన్ని పాదాల్లో రెండో అక్షరం హల్లు ఒకటే కావాలన్న నియమం) లేదు, అందుకే వాటిలో చెల్లుతుంది. ఉత్పలమాలలో, కందంలో ప్రాస ఉండి తీరాలి, అక్కడ యతి వేరుగా పాటించాల్సిందే. ‘అక్కరకు రాని చుట్టము’ కందం తీసుకో. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ‘క్క’. అది ప్రాస. రెండో పాదంలో మ్రొ–మో, నాలుగో పాదంలో గ్ర–గ యతి. కందంలో ఒకటి, మూడు పాదాలకు యతి ఉండదు, అక్కడ వెతకొద్దు.

ఇప్పుడు ‘అనగననగ’ పద్యం మూడో పాదం ‘సాధనమున పనులు సమకూరు ధరలోన’ విడగొట్టి ఇక్కడే పెట్టు, చూస్తాను.

గౌతమి_బీఏ
సాధ/నమున/పనులు/సమకూరు/ధరలోన. సా–స. అకార, ఆకారాలు ఒక జట్టు కాబట్టి మామూలు యతే కదండీ?

బడిపంతులు
అంతేనమ్మా. ఇక తేటగీతుల మీద పడు.