పల్చటి ల్యాప్‌టాప్‌కి పాతిక వేలు ఎక్కువ పెట్టొచ్చా?

ముంతమసాలా:
మాది విశాఖ. రోజూ గాజువాకలో బస్సెక్కి మధురవాడలో దిగుతాను. మాది చిన్న కంపెనీ, ఎవరి మెషీన్ వాళ్ళే తెచ్చుకోవాలి. నాలుగేళ్ళ కిందట ఆఫర్లో ఉందని ఒక గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాను. ఆటలు ఆడింది మొదటి నెల్లోనే, మోస్తున్నది మాత్రం ఈ నాలుగేళ్ళూ. ఇప్పుడు హనుమంతవాక వచ్చేసరికి కుడి భుజం లాగేస్తోంది. బ్యాగు బరువు తగ్గించమని డాక్టరు గారు కూడా చెప్పేశారు.

మొన్న ద్వారకానగర్‌లో రెండు షాపులు తిరిగాను. కిలోంబావు ఉన్న పల్చటిది ఒకటి చేతిలో పెట్టారు, నోటు పుస్తకం పట్టుకున్నట్టే ఉంది. పక్కనే అంతే ర్యామ్, అంతే ఎస్ఎస్‌డీ, పేరుకి అదే ఐ7 ప్రాసెసర్ ఉన్న లావుది పాతిక వేలు తక్కువ. పైగా దాన్లో గ్రాఫిక్స్ కార్డు కూడా ఉంది. నా పని ఆండ్రాయిడ్ యాప్‌లు చేయడం. రోజుకి ముప్పై నలభై సార్లు బిల్డ్ కొడతాను, అంటే రాసిన కోడ్‌ని ఫోన్లో నడిచే యాప్‌గా మారుస్తాను. బరువు తగ్గడానికి పాతిక వేలు పొయ్యడం తెలివైన పనేనా?

ఉక్కునగరం:
కాదు. తక్కువ సరుకిచ్చి ఎక్కువ డబ్బు గుంజడం ఈ ల్యాప్‌టాప్ కంపెనీలకే చెల్లింది. కొట్లో ముప్పావు కిలో కందిపప్పు పొట్లం కట్టి కిలోకి పైన డబ్బులు అడిగితే ఊరుకుంటావా?

2008లో స్టీవ్ జాబ్స్ కాగితం కవర్లోంచి మ్యాక్‌బుక్ ఎయిర్ బయటికి తీసిన రోజు నుంచీ పట్టుకుంది ఈ పిచ్చి. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంతా చేసి దాన్లో ఉన్నది ఒకే ఒక్క యూఎస్‌బీ పోర్టు, 80 జీబీ హార్డ్‌డిస్కు. ధర మాత్రం 1,799 డాలర్లు. 2015లో 12 అంగుళాల మ్యాక్‌బుక్ అని ఇంకోటి తెచ్చారు. 920 గ్రాములు, ఫ్యాన్ లేదు, చార్జింగ్‌కీ పెన్‌డ్రైవ్‌కీ కలిపి ఒకటే రంధ్రం. 2019లో దాన్ని ఆపేశారు. రెండు భుజాలకీ సరిగ్గా పట్టే మంచి బ్యాగు కొనుక్కో తమ్ముడూ, రెండు మూడు వేలతో పోతుంది.

తీరంగాలి:
ఉక్కునగరం గారూ, మీ కందిపప్పు లెక్క ఇక్కడ కుదరదు. లావు బియ్యం కన్నా సన్న బియ్యానికి ఎక్కువ ఇచ్చి మీరూ తెచ్చుకుంటారు కదా? రెండూ కిలోయే.

నేను ఆడిట్ పని మీద నెలకి మూడు నాలుగు సార్లు వందే భారత్‌లో సికింద్రాబాద్ వెళ్తాను. దగ్గర దగ్గర ఎనిమిదిన్నర గంటలు. సీటు వెనక ట్రే మీద నా 13 అంగుళాలది పెట్టుకుంటే పక్కన కాఫీ కప్పుకి కూడా చోటు మిగులుతుంది. వేరే చార్జరు మొయ్యను, 65 వాట్ల టైప్-సి చార్జరే ఫోనుకీ దీనికీ సరిపోతుంది. మా కుర్రాడొకడు గేమింగ్ ల్యాప్‌టాప్ తెచ్చాడు ఒకసారి. దాని చార్జరు ఇటుకంత ఉంది. ఆ ఇటుక ఒళ్ళో పెట్టుకునే రాజమండ్రి దాకా వచ్చాడు.

డబ్బు సంగతికొస్తే ఒక మాట నిజమే. మా ఆఫీసు పేరు మీద కొంటే 18 శాతం జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కొస్తుంది. సొంతానికి కొనుక్కునే ముంతమసాలాకి అది రాదు. కాబట్టి నాకు తేలికైన ధర అతనికి బరువే కావచ్చు.

స్క్రూడ్రైవర్:
పదకొండేళ్ళుగా ల్యాప్‌టాప్‌లు విప్పుతున్నాను, నాకు తెలిసింది చెబుతా. షాపువాడు "రెండూ ఐ7లే" అన్నాడంటే సగమే చెప్పాడు. పేరు చివర అక్షరం చూడండి. ఐ7-1355యూ మామూలు వాడకానికి 15 వాట్లు, లోపల 10 కోర్లు, అంటే పని పంచుకునే భాగాలు. ఐ7-13700హెచ్ 45 వాట్లు, 14 కోర్లు. రెండింటి స్టిక్కరూ ఒకేలా మెరుస్తుంది. గ్రాఫిక్స్‌లోనూ అదే తంతు. ల్యాప్‌టాప్‌లో ఆర్‌టీఎక్స్ 4060 అంటే 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఏదైనా అవ్వొచ్చు. అందుకే లావుగా ఉంది కదా అని కళ్ళు మూసుకుని కొనకండి.

అయితే పల్చటిది నెమ్మదిగా ఉంటుంది అనడం పూర్తి నిజం కాదు. దానికి ఆయాసం ఎక్కువ, అంతే. సింహాచలం మెట్లు మొదటి యాభై ఎవరైనా పరుగెత్తుతారు, ఆ పైనే తెలుస్తుంది ఎవరి సత్తా ఎంతో. ప్రాసెసర్ కూడా మొదట కొంతసేపు తన హద్దు దాటి కరెంటు తాగుతుంది. లోపల వేడి పెరిగాక, ఆ వేడిని లాగడానికి రాగి గొట్టం సన్నం, ఫ్యాన్ చిన్నది కాబట్టి తనంతట తనే స్పీడు తగ్గించుకుంటుంది. 2020 నవంబరులో ఆపిల్ ఒకే ఎం1 చిప్పుని ఎయిర్‌లోనూ పెట్టింది, 13 అంగుళాల ప్రోలోనూ పెట్టింది. ప్రోకి ఫ్యాన్ ఉంది, ఎయిర్‌కి లేదు. చిన్న పనుల్లో తేడా కనబడదు. పని సాగే కొద్దీ ప్రో ముందుకెళ్ళిపోతుంది.

అందుకని నేను అడిగేది ఒకటే. తమ్ముడూ, నీ బిల్డ్ ఒక్కొక్కటి ఎంతసేపు పడుతుంది?

ఇంకోటి. పల్చటివాటిలో చాలావరకు ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. 8 జీబీ కొని తర్వాత పెంచుకుందాం అనుకుని నా దగ్గరికి వచ్చినవాళ్ళకి టీ ఇప్పించి పంపడం తప్ప నేను చేసేదేం లేదు. అలాగే ఎంవీపీ, పెదవాల్తేరు వైపు సముద్రానికి దగ్గర ఇళ్ళ నుంచి వచ్చే మెషీన్లలో పోర్టులు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. దానికి పల్చనా లావా అనేం లేదు, కిటికీ పక్కన పెట్టకండి.

పెళ్ళివీడియో:
బాబాయ్ చెప్పిన ఆయాసం నా కళ్ళతో చూశాను. పోయినేడాది పల్చటిది కొన్నాను, కంపెనీ పేరు వద్దులెండి. క్లయింట్ల ముందు తెరిస్తే స్టైల్‌గా ఉంటుందని ఆశపడ్డాను. మే నెల ముహూర్తాలు, మూడు గంటల పెళ్ళి వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టాను. మొదటి పది నిమిషాలు గుర్రంలా పోయింది. తర్వాత "ఇంకా మిగిలిన సమయం" అన్న అంకె తగ్గడం మానేసి పెరగడం మొదలెట్టింది! కీబోర్డు పైవరస మీద వేలు ఆనించలేకపోయాను. చివరికి నాలుగు మూలల కింద నాలుగు స్టీలు గ్లాసులు బోర్లించి, టేబుల్ ఫ్యాన్ తిప్పి, రాత్రంతా కాపలా కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి చూసి హారతి కూడా ఇవ్వమంటారా అంది.

ఉక్కునగరం:
విన్నావా తమ్ముడూ?

తీరంగాలి:
ఆయనది మూడు గంటల పెళ్ళి. అందరూ పెళ్ళి వీడియోలు చెయ్యరు కదండీ.

ముంతమసాలా:
బాబాయ్, బిల్డ్ మామూలుగా నిమిషం నలభై సెకన్లు. మొత్తం చెరిపి మొదట్నుంచి కొడితే ఆరు నిమిషాలు, అది రోజుకి ఒకటో రెండో.

నిన్న సాయంత్రం ఇంకో పని చేశాను. మా వీధి చివర కొట్లో కాటా మీద బ్యాగులో సామాన్లన్నీ విడివిడిగా తూకం వేయించాను. కొట్టాయన "ఇదేటి బాబూ, పాత సామాన్లకి వేస్తున్నావా?" అన్నాడు. ల్యాప్‌టాప్ 2 కిలోల 450. చార్జరు 680 గ్రాములు. అమ్మ కట్టే క్యారేజీ కిలో 100. నీళ్ళ సీసా కిలో 150. ఉత్త బ్యాగు 900. గొడుగు 300. మొత్తం 6 కిలోల 580 తేలింది. షాపులో చూసిన పల్చటిది చార్జరుతో కలిపి కిలో 450 అవుతుంది. అంటే నేను దించుకునేది కిలో 680.

ఉక్కునగరం:
అలా రా దారికి. నీళ్ళ సీసా ఖాళీగా తీసుకెళ్ళి ఆఫీసులో నింపుకో, కిలో పోయింది. ఆఫీసులో ఉంచడానికి ఇంకో చార్జరు కొను, 680 పోయింది. సరిగ్గా కిలో 680. నీ పల్చటిది దించే బరువే ఇదీ! పాతిక వేలు ఎక్కడ, చార్జరు డబ్బులెక్కడ?

తీరంగాలి:
లెక్క బాగుంది. కానీ వేసవిలో ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో గంట ఇరుక్కున్నప్పుడు ఖాళీ సీసా చూసుకుంటూ కూర్చోమంటారా? పైగా ఆ రెండూ పల్చటిది కొన్నాక కూడా చెయ్యొచ్చు. మూడు కిలోల దాకా తగ్గుతుంది. భుజం ఒకటే ఉంది అతనికి.

ఉక్కునగరం:
రెండున్నాయి. అందుకే మంచి బ్యాగు కొనమన్నాను.

స్క్రూడ్రైవర్:
మీ ఇద్దరి మధ్యలో కుర్రాడు నలిగిపోతున్నాడు. నిమిషం నలభై సెకన్ల బిల్డ్‌కి పల్చటిది ఆయాసపడేంత పని ఉండదు. ఆరు నిమిషాలది కొంచెం లాగుతుంది, ఆ టైములో టీ తాగు. నీకు అసలు ఇబ్బంది ర్యామ్‌తో. యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో, తెర మీదే ఉత్తుత్తి ఫోను చూపించే ఎమ్యులేటర్, బ్రౌజరు మూడూ తెరిస్తే 16 జీబీ నిండిపోతుంది, 32 ఉంటేనే నాలుగేళ్ళు వస్తుంది. పల్చటిదాన్లో 32 కావాలంటే కొనేరోజే పెట్టాలి, అక్కడ నీ పాతిక వేల తేడా ఇంకా పెరుగుతుంది. కిలోన్నర దగ్గర ఉన్న 14 అంగుళాలవి చూడు. ఫ్యాన్ ఉండాలి, కనీసం ఒక ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉండాలి. అవి అద్దాల బీరువాలో పెట్టరు, అడిగితే లోపల్నుంచి తీస్తారు. కొనే ముందు నీ ప్రాజెక్టునే దాని మీద వరసగా పదిసార్లు బిల్డ్ కొట్టి చూడు. మొదటి దానికీ పదోదానికీ టైము రాసుకో.

పెళ్ళివీడియో:
షాపులో అంతసేపు కూర్చోనిస్తారా బాబాయ్?

స్క్రూడ్రైవర్:
డబ్బు కట్టేముందు అయితే కూల్‌డ్రింక్ ఇచ్చి మరీ కూర్చోబెడతారు.

ముంతమసాలా:
క్యారేజీ తగ్గించుకుంటానంటే అమ్మ మాట్లాడ్డం మానేసింది, కాబట్టి ఆ కిలో 100 అలాగే ఉంటుంది. రెండో చార్జరు ఈ రోజే ఆర్డర్ పెట్టాను, ఉక్కునగరం అన్నకి థ్యాంక్స్. పాతదాని బ్యాటరీ అరగంట కూడా రావట్లేదు కాబట్టి కొత్తది ఎలాగూ తప్పదు. శనివారం ప్రాజెక్టు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ద్వారకానగర్ వెళ్తున్నా. కిలోన్నరవి రెండు, కిలోంబావుది ఒకటి, మూడింటి మీదా పదేసి బిల్డ్‌లు కొట్టి టైములు ఇక్కడే రాస్తాను.

పెళ్ళివీడియో:
ఆ పాత గేమింగ్‌ది అమ్ముతావా తమ్ముడూ? బ్యాటరీ లేకపోయినా ఫర్వాలేదు, నాది ఎలాగూ టేబుల్ మీదే ఉంటుంది.