ఆరు వారాలు విదేశంలో చదివితే పిల్లలు నిజంగా మారతారా?

దిల్‌సుఖ్‌నగర్ నాన్న:
మా అమ్మాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఎండాకాలం సెలవుల్లో ఆరు వారాలు జర్మనీ తీసుకెళ్తామంటున్నారు కాలేజీ వాళ్లు. ఫీజు, టికెట్లు, షెంగెన్ వీసా అన్నీ కలిపితే నాలుగు లక్షలు దాటేలా ఉంది. "మనిషే మారిపోతుంది సార్" అని మీటింగులో ఊదరగొట్టారు. ఆ మారేదేదో వరంగల్ హాస్టల్లో ఉంటే మారదా? మా ఆవిడ అప్పుడే చిలుకూరు వీసా బాలాజీ గుడికి వెళ్లి మొక్కుకుని 11 ప్రదక్షిణలు చేసొచ్చింది. వెళ్లొచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

పోయొచ్చినోడు:
అన్నా, పైసలు దాచుకో. మేం ముప్పై మందిమి పోయినం, అందరం ఒక్క కాలేజోళ్లమే. గదికి ఇద్దరు, ఇద్దరూ మనోళ్లే. పొద్దున క్లాసు, సాయంత్రం రైస్ కుక్కర్, ఇంటి నుంచి మోసిన చింతకాయ తొక్కు. శనివారమొస్తే బస్సెక్కి ఊరూరా ఫొటోలు దిగుడు. నాకొచ్చిన జర్మన్ 'డాంకె' ఒక్కటే, అంటే థాంక్స్. ఆదివారం దుకాణాలు బంద్ ఉంటయని తెల్వక మొదటి ఆదివారమంతా బిస్కెట్లతోని గడిపినం, గదే పెద్ద సాహసం. లింక్డిన్‌ల మాత్రం 'గ్లోబల్ ఎక్స్‌పోజర్' అని రాసుకున్న. అబద్ధమెందుకు, దానికి ఇంటర్వ్యూ కూడా వచ్చింది.

వత్తులు రానిది:
అంకుల్, నాది వేరే అనుభవం. కెనడాలో మైటాక్స్ అనే సంస్థ ఇచ్చే గ్లోబలింక్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్, 12 వారాలు. ఎంపికైతే ఖర్చులకు వాళ్లే డబ్బిస్తారు, మీ అమ్మాయిని ముందు అలాంటివి చూడమనండి. మా ల్యాబ్‌లో తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. ఓ రోజు అందరూ తలా ఒక భాషలో బోర్డు మీద 'సైన్స్' అని రాస్తున్నారు. ఇరాన్ అమ్మాయి రాసింది, చైనా అబ్బాయి రాశాడు. నా వంతొచ్చింది. శాస్త్రం. 'స' కింద 'త' వత్తు, దానికి మళ్లీ 'ర' వత్తు ఎలా పెట్టాలో తెలియలేదు. స్కూల్లో హిందీ, ఇంటర్లో సంస్కృతం. సంస్కృతం ఎందుకో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. హిందీలో రాసి కూర్చున్నా. "ఇది మీ భాషేనా?" అని ఆ ఇరాన్ అమ్మాయి మామూలుగానే అడిగింది. రాత్రి అమ్మకి వీడియో కాల్ చేస్తే పాల బిల్లు వెనకాల రాసి చూపించింది. అక్కడున్నన్నాళ్లూ రోజూ ఒక పేజీ రాసి పంపేదాన్ని, అమ్మ దిద్దేది. ఈ పోస్టు కీబోర్డులో తెలుగు టైపు చేసి పెడుతున్నానంటే అదే కారణం.

తార్నాక టీచర్:
అమ్మాయీ, నీ పోస్టు చదువుతుంటే మన ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు వాళ్ల ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ గుర్తొచ్చింది. ఆమె 1895లో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండ్ వెళ్లింది, పదహారేళ్లప్పుడు. ఇంగ్లిష్ పిట్టల మీద, ఇంగ్లిష్ పొలాల మీద కవితలు రాస్తుంటే ఎడ్మండ్ గాస్ అనే విమర్శకుడు అవన్నీ పక్కనపెట్టి మీ దేశం గురించి రాయమన్నాడు. మన బజార్లు, పల్లకీ మోసేవాళ్లు ఆమె కవిత్వంలోకి వచ్చింది ఆ తర్వాతే.

పోయొచ్చినోడు:
టీచరమ్మా, ఆమె వాపస్ వచ్చింది 1898ల. మూడేండ్లు! ఆరు వారాల్ల గాస్ దొరకడు, గైడు దొరుకుతడు.

వత్తులు రానిది:
నాకు గాస్ కూడా దొరకలేదు తమ్ముడూ, బోర్డు దగ్గర అడిగిన మనిషి దొరికింది. నీ గదిలో అలా అడిగేవాళ్లెవరూ లేరు, అంతా తొక్కు తినేవాళ్లే. వరంగల్ హాస్టల్లో బట్టలుతుక్కోవడం, డబ్బు చూసుకోవడం వచ్చేస్తుంది, అంకుల్ అన్నది నిజమే. 'నువ్వెవరు' అని మాత్రం అక్కడ ఎవరూ అడగరు.

పోయొచ్చినోడు:
గది మాట ఒప్పుకుంటున్న. నాలుగు లక్షల మాట ఒప్పుకోను.

దిల్‌సుఖ్‌నగర్ నాన్న:
కాలేజీకి ఫోన్ చేసి గదుల సంగతి అడిగాను. "కంగారు పడకండి సార్, మన పిల్లలందర్నీ ఒకే ఫ్లోర్‌లో పెడతాం" అన్నారు, నాకేదో ధైర్యం చెబుతున్నట్టు. వేరే దేశం పిల్లలతో కలిపి వేయమన్నాను, కనుక్కుని చెప్తామన్నారు. మా ఆవిడకి అస్సలు నచ్చలేదు, పొడుల డబ్బాలు అప్పుడే కొనేసింది. గదుల లిస్టు వచ్చేదాకా ఫీజు కట్టను. చిలుకూరులో కోరిక తీరాక చేయాల్సిన 108 ప్రదక్షిణలు కూడా అప్పటిదాకా ఆగాల్సిందే.