నాగార్జునకొండకూ ఆచార్య నాగార్జునుడికీ సంబంధం ఉందా?

కృష్ణాతీరం:
ఈమధ్య సాగర్ నుంచి లాంచీలో కొండకు వెళ్లాం. "బౌద్ధ తాత్త్వికుడు ఆచార్య నాగార్జునుడు ఇక్కడే విశ్వవిద్యాలయం నడిపాడు, అందుకే ఆ పేరు" అని తోటి ప్రయాణికుడొకాయన పిల్లలకు ఘంటాపథంగా చెబుతున్నారు. డ్యామ్, గుంటూరు దగ్గర యూనివర్సిటీ, పులుల అభయారణ్యం అన్నిటికీ అదే పేరు కదా. దీనికి ఆధారమేమిటో తెలిసినవాళ్లు చెప్పండి.

శాసనప్రియ:
ఆ కొండ ఉన్న లోయలో దొరికిన, శాతవాహనుల తర్వాత అక్కడ ఏలిన ఇక్ష్వాకుల శాసనాల్లో నాగార్జునుడి ఊసే లేదండీ. అప్పట్లో ఆ ఊరు విజయపురి. అక్కడి పెద్ద బౌద్ధ స్తూపం మహాచైత్యం స్తంభాలు చూడండి: దాత చాంతిసిరి, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త. ఏ బౌద్ధ శాఖ భిక్షువుల కోసమో కూడా రాయించింది, అపరమహావినసేలియులని. మిగతా విహారాల్లో బహుశ్రుతీయులు, మహీశాసకులు, సింహళ థేరవాదులు అనే వేరే శాఖలవాళ్లు. చుట్టరికాలతో సహా చెక్కించినవాళ్లు, దేనికీ స్వతంత్రమైన ఉనికి లేదనే శూన్యవాదం చెప్పిన అంతటి ఆచార్యుడు తమ మధ్య ఉంటే ఒక్క ముక్కయినా రాయించరా?

పేరు ఒకటైతే మనిషీ ఒకడే అనుకోవడంతోనే చిక్కంతా. శూన్యవాద గ్రంథం మూలమధ్యమకకారిక రాసిన తాత్త్వికుడు సుమారు 2వ శతాబ్దం వాడంటారు. 11వ శతాబ్దంలో మన దేశం గురించి రాసిన పండితుడు అల్ బిరూనీ చెప్పిన రసవాది నాగార్జునుడు సోమనాథ్ దగ్గరి దైహక్ కోటవాడు, అల్ బిరూనీకి సుమారు వందేళ్ల ముందువాడు. టిబెట్ కథలు తాత్త్వికుడినీ సిద్ధుడినీ ఒకరినే చేసి 600 ఏళ్లు బతికించాయి. బీహార్‌లో బరాబర్ పక్కన నాగార్జుని కొండ ఉంది. అక్కడి గుహలు అశోకుడి మనవడు దశరథుడు ఆజీవికులనే సన్యాసి శాఖకు ఇచ్చినవి. కాఠ్మండు పక్కన ఇంకో నాగార్జున కొండ. హిందీ కవి వైద్యనాథ్ మిశ్ర బౌద్ధంలో చేరి నాగార్జున్ అయ్యారు.

మాచర్ల మిత్రుడు:
శాసనప్రియ గారూ, శ్రీపర్వతం సంగతి వదిలేశారేం? నాగార్జునుడి చివరి రోజులు శ్రీపర్వతం మీద గడిచాయని టిబెట్ సంప్రదాయం. అక్కడి ఇంకో దాత బోధిసిరి శాసనంలో "విజయపురికి తూర్పున శ్రీపర్వతం మీద చుళధమ్మగిరి విహారం" అనే అర్థం వచ్చేలా స్పష్టంగా ఉంది. ఆయన శాతవాహన రాజుకు ముత్యాల హారం ఇచ్చినట్టు బాణుడి హర్షచరిత్ర చెబుతోంది. నాగార్జునుడి లేఖారూప రచన సుహృల్లేఖ కూడా ఆ రాజుకు రాసినదే అంటారు. పైగా మీరు చూపేవన్నీ దానశాసనాలు. దానమివ్వని, పుచ్చుకోని మనిషి పేరు వాటిలో లేకపోతే అసలు మనిషే లేడంటామా?

శాసనప్రియ:
మీ చివరి మాట కాదనలేను. పేరు లేనంత మాత్రాన రాలేదని తేలదు. కానీ వచ్చాడని కూడా తేలదు కదా! శాతవాహన అన్నది వంశం పేరు, అందులో ఏ రాజు? శ్రీపర్వతమన్న పేరు శ్రీశైలానికీ ఉంది. ఇంకోటి చెబుతాను. జగ్గయ్యపేటలో దొరికిన ఒక బుద్ధ విగ్రహం పీఠం మీద నాగార్జునాచార్యుడి పేరు ఉంది. చేయించినవాడు ఆయన శిష్యుడికి శిష్యుడైన చంద్రప్రభుడు. లిపి చూస్తే తాత్త్వికుడి తర్వాత కొన్ని శతాబ్దాలది. అంటే మన కృష్ణా తీరంలోనే రెండో నాగార్జునుడు! మనవాళ్లు మాత్రం అందరినీ కలిపి ఒక్క కొండ మీద కూర్చోబెట్టారు. చాంతిసిరి, బోధిసిరి పేర్లు రాయి మీద ఉన్నా లాంచీలో ఎవరి నోటా రావు. నా బాధ అది.

మాచర్ల మిత్రుడు:
నాగార్జునులు పలువురన్నది ఒప్పుకుంటాను. చాంతిసిరి గురించి మీరన్నదీ నిజం. శ్రీపర్వతం విషయంలో మాత్రం తగ్గను. శ్రీశైలమైనా విజయపురి అయినా రెండూ కృష్ణ ఒడ్డువే, తాత్త్వికుడు మన వైపు వచ్చాడనడానికి ఏదైనా చాలు.