బర్డ్ మోటెట్‌లో ఆ దుఃఖం యెరూషలేముదా, ఇంగ్లండ్‌దా?

ఐదోగొంతు:
ఇంగ్లండ్ స్వరకర్త విలియం బర్డ్ 1589లో అచ్చు వేయించిన 'నే ఇరాస్కారిస్ డొమినే' గురించి మాట్లాడదాం. యెషయా 64వ అధ్యాయంలోని మాటలకు ఐదు గొంతులకు కట్టిన లాటిన్ మోటెట్, అంటే భక్తి బృందగానం, అది. ప్రభువా, ఇక కోపం చాలించు, నీ పట్టణం బీడైపోయింది అని మొర. ఆ పట్టణం పేరుకే యెరూషలేము అని నా నమ్మకం. బర్డ్ క్యాథలిక్. కొలువు మాత్రం ప్రొటెస్టెంట్ రాణి ఎలిజబెత్ చాపెల్ రాయల్‌లో, అంటే రాణిగారి సొంత గాయక బృందంలో. 1581లో జెస్యూట్ అనే క్యాథలిక్ సంఘం ఫాదర్ ఎడ్మండ్ క్యాంపియన్‌ను లండన్‌లో ఉరితీసే చోటైన టైబర్న్‌లో చంపారు. క్యాథలిక్కులు ఇళ్లలో చాటుగా పూజలు చేసుకునేవాళ్లు. పుట్టిన దేశంలోనే పరాయివాడైన మనిషి ఏడుపు ఇది.

పాతస్వరం:
చరిత్ర నిజమే, కానీ అది పాటలో ఎక్కడ వినిపిస్తోందండీ? ఈ మోటెట్ రెండో భాగాన్నే ఇంగ్లీషు మాటలతో 'బౌ థైన్ ఇయర్' అని ఆంగ్లికన్ చర్చిల్లో పాడతారు. అంటే రాణిగారి మతం వాళ్లే! క్యాంపియన్ పేరు వినని వాళ్లకూ గుండె బరువెక్కుతుంది. మనం పుస్తకాల్లో చదివింది తెచ్చి పాట మీద రుద్దుతున్నాం.

ఐదోగొంతు:
క్యాంపియన్ తెలియకపోయినా కదిలిస్తుందన్నది ఒప్పుకుంటున్నాను. కానీ బర్డ్ ఎందుకు ఈ మాటలే ఎంచుకున్నాడు? 1583లో ఫిలిప్ ద మోంటే అనే స్వరకర్త అతనికి 137వ కీర్తన మీద కట్టిన మోటెట్ పంపితే, మరుసటి ఏడాది బర్డ్ అదే కీర్తనలోంచి 'పరదేశంలో ప్రభువు పాట ఎలా పాడతాం' అన్న చోటు తీసుకుని ఎనిమిది గొంతులతో జవాబిచ్చాడు. బైబిలు మాటల్లో తన బతుకు చెప్పుకోవడం అతనికి అలవాటే.

ఇక వినిపించేది ఎక్కడంటారా, 'సియోన్ దెసెర్తా' (సీయోను, అంటే యెరూషలేము, బీడైంది) దగ్గర. అప్పటిదాకా గొంతులు ఒకదాన్నొకటి తరుముతూ అల్లుకుంటాయి. అక్కడ ఒక్కసారిగా అల్లిక ఆగిపోయి, అందరూ ఒకే లయలో మెల్లగా పలుకుతారు. ఆ ఖాళీయే నాకు సీయోను. పైగా ఇప్పటి మన చెవికి ఇదంతా మేజర్‌లోనే, అంటే మామూలుగా సంతోషంగా తోచే స్వరాల్లోనే, ఉన్నట్టు వినిపిస్తుంది. అందుకే మరీ బాధ.

టెనర్_రెండు:
మా క్వయర్‌లో పాడిన అనుభవం చెబుతాను. చివర్లో 'దెసొలాతా ఎస్త్' (పాడుబడిపోయింది) మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక గొంతు ముగించేలోపే ఇంకోటి అందుకుంటుంది. మొదటి రిహార్సల్‌లో అందరం గొంతులో దుఃఖం పెట్టి పాడాం, వరసలన్నీ కలగాపులగమై ఏమీ వినపడలేదు. వైబ్రాటో (గొంతు వణికించడం) తీసేసి, మాటకు తగ్గ బరువు మాత్రమే ఇచ్చి పాడితే పక్కవాళ్ల వరస వినిపించింది. అప్పుడు నాకే గొంతు పూడుకుపోయింది.

పాతస్వరం:
సీయోను దగ్గర, చివర్లో మీరిద్దరూ చెప్పింది కాదనలేను. కానీ టెనర్ గారూ, ఆ రోజు మీ గొంతు పూడుకున్నప్పుడు క్యాంపియన్ గుర్తొచ్చాడా?

టెనర్_రెండు:
లేదండి. మా నాన్నగారి తరవాత అమ్మేసిన మా ఊరి ఇల్లు గుర్తొచ్చింది.