కుర్రాడికి పని నేర్పకుండా, తప్పు చేశాడని జీతంలో పట్టుకోవడం న్యాయమేనా?

లాడ్జి_తిరుపతి:
రైల్వే స్టేషన్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో మాది 18 గదుల లాడ్జి. పోయిన శనివారం జరిగింది చెప్తాను, తప్పు ఎవరిదో మీరే తేల్చండి. తమిళుల పెరటాసి నెల, తమిళనాడు నుంచి బస్సులకు బస్సులు దిగుతున్నాయి. కౌంటర్‌లో కొత్త కుర్రాడు, చేరి నాలుగో రోజు, రాత్రి డ్యూటీ. చెన్నై కుటుంబం ఒకటి వారం ముందే అడ్వాన్స్ పంపి రెండు గదులు చెప్పుకుంది. వీడు ఆ రెండూ అప్పటికప్పుడు వచ్చిన వాళ్ళకు ఇచ్చేశాడు. పన్నెండున్నరకు ముసలాళ్ళు, చంటిబిడ్డతో ఆ కుటుంబం మెట్ల మీద కూర్చుంటే నేను ఇంటి నుంచి పరిగెత్తుకొచ్చి, వేరే లాడ్జిలో ఎక్కువ రేటుకు గదులు ఇప్పించి, తేడా నేనే కట్టుకున్నాను. 3 వేలు పోయింది. అందులో 2 వేలు వాడి జీతంలో పట్టుకుంటానన్నాను. జీతం 12 వేలు. మా ఇంట్లోవాళ్ళేమో నాదే తప్పంటున్నారు. అడ్వాన్సులన్నీ డైరీలో రాసే ఉంటాయి. చూసుకోవాలని కూడా ఒకరు చెప్పాలా?

రాత్రి_డ్యూటీ:
ఆ డైరీ ఎక్కడ ఉంటుందన్నా?

లాడ్జి_తిరుపతి:
కౌంటర్ కింద సొరుగులో.

రాత్రి_డ్యూటీ:
అయిపోయింది కదా. సొరుగులో ఒక డైరీ ఉందని, అందులో రేపటి గదులు కూడా రాసి ఉంటాయని వాడికి కల వస్తుందా? నేనూ ఇదే ఊళ్ళో మూడేళ్ళు కౌంటర్‌లో కూర్చున్నాను, చేరిన రోజు నాకు చెప్పింది ఒకటే మాట, 'చూసుకోప్పా, అన్నీ అర్థమైపోతాయి'. ఏం అర్థమవుతాయి? తాళాలు ఎక్కడో, చెకౌట్ 24 గంటలా లేక పొద్దున్నే ఖాళీ చేయాలా, పెళ్ళికాని జంట వస్తే ఏమనాలి, అన్నీ తిట్లు తిని నేర్చుకున్నవే. తిట్లతో నేర్పడం ఓనరుకు చవక, అంతే.

అంగడి_పీలేరు:
ఒక పక్కే మాట్లాడుకుంటే ఎట్లా. మా అంగడిలో ఒకడికి బిల్లింగ్, స్టాకు, జీఎస్టీ రేట్లు అన్నీ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. నాలుగో నెల ఎదురంగడిలో 1,500 ఎక్కువిస్తామంటే మర్యాదకు ఒక మాటైనా చెప్పకుండా పోయాడు. నేర్పింది నేను, పంట ఎదురంగడికి. అప్పటి నుంచి చూసి నేర్చుకునేవాడికే పని, కళ్ళున్నాయి కదా.

చిత్తూరు_అక్క:
అన్నా, వాడు పోయింది నేర్చుకున్నందుకు కాదు, 1,500 కోసం. నేర్పకపోయినా పోయేవాడే, అదీ ఆ నాలుగు నెలలూ మీ బిల్లులు తప్పులేసి.

నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పండ్లు ఏరే టేబుల్ దగ్గర సూపర్‌వైజర్ని. తోతాపురి సీజన్ ముగిసేలోపు కొత్త ఆడవాళ్ళు వస్తూ పోతూ ఉంటారు, కాబట్టి 'వీళ్ళకు ట్రైనింగ్ ఏంటి' అనే మాట మా దగ్గరా ఉంది. ముందు మేమూ 'చెడిపోయిన పండు తీసేయండమ్మా' అని వదిలేసేవాళ్ళం. ఒకామెకు చిన్న మచ్చ ఉన్నా చెడిపోయినట్టే, ఇంకొకామెకు సగం కుళ్ళినా పరవాలేదు, ఇంట్లో కోసుకుని మిగతాది తింటారు కదా! ఇద్దరిదీ తప్పు కాదు, మా మాటలోనే కొలత లేదు. తర్వాత టేబుల్ చివర మూడు ట్రేలు పెట్టాము. ఒకదాంట్లో పోనిచ్చే పండ్లు, ఒకదాంట్లో కోసి వాడే పండ్లు, ఒకదాంట్లో పారేసేవి. పొద్దున్నే ఆ రోజు వచ్చిన పండ్లతోనే ట్రేలు నింపి, ఒక్కొక్కరి చేత పదేసి పండ్లు ఏరించి చూస్తాము. పట్టే టైము అరగంట. అంతకన్నా చదువు చెప్పలేదు ఎవరికీ.

రేణిగుంట_లైన్:
అక్క చెప్పిందే మా ఫ్యాక్టరీ లైన్లో కాగితం మీద ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం టైములో అమెరికా ఫ్యాక్టరీల్లోకి పని తెలియని కొత్తవాళ్ళు గుంపులుగా వస్తే, వాళ్ళకు త్వరగా పని నేర్పడానికి 'ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ' అని పెట్టారు. నాలుగు మెట్లు. మనిషిని కుదుటపరచి వాడికి ఎంత వచ్చో కనుక్కోవాలి, చేసి చూపించాలి, వాడి చేత చేయించి ఎందుకో కూడా చెప్పించాలి, ఆ తర్వాత వదిలినా మధ్యమధ్య వచ్చి చూడాలి. నేర్పేవాళ్ళకు ఇచ్చిన కార్డు మీదే రాసి ఉండేది, పనివాడు నేర్చుకోలేదంటే నేర్పేవాడు నేర్పలేదన్నమాట అని. మనవాళ్ళు రెండో మెట్టు దగ్గరే ఆగిపోతారు, అదీ ఫోన్ మాట్లాడుతూ.

అంగడి_పీలేరు:
ఫ్యాక్టరీలో ఒకే పార్టు వెయ్యిసార్లు వస్తుంది. లాడ్జికి వెయ్యి రకాల మనుషులు వస్తారు. ఎన్నని రాసిపెడతారు కాగితం మీద?

రాత్రి_డ్యూటీ:
అన్నీ అక్కర్లేదు. తప్పితే కొంప ముంచేవి నాలుగైదే. అడ్వాన్స్ డైరీ ఒకటి. దానికంటే పెద్దది ఇంకోటుంది, విదేశీ పాస్‌పోర్టుతో ఎవరు దిగినా 24 గంటల్లోగా వాళ్ళ వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి, లాడ్జిల్లో సి ఫారం అనేవాళ్ళం. అమెరికా నుంచి వచ్చిన మన తెలుగాయనే పంచె కట్టుకుని కౌంటర్ ముందు నిలబడితే కొత్త కుర్రాడికి ఫారినర్ అని తడుతుందా? భార్య ఆధార్ తీసుకుని తాళం ఇచ్చేస్తాడు. లాడ్జి అన్నా, ఇది వాడికి చెప్పారా?

లెక్కల_మాస్టారు:
నేర్పడం సంగతి సరే, కోత సంగతి ఎవరూ మాట్లాడరేం? జీతాల మీద కొత్త చట్టం, వేతనాల కోడ్, 2019 నాటిదైనా అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. అందులో జరిమానా వేరు, నష్టం కింద పట్టుకోవడం వేరు. ఏ ఏ తప్పులకు జరిమానా ఉంటుందో ముందే ఆమోదం తీసుకుని పనిచేసే చోట నోటీసు పెట్టి ఉండాలి, అదీ ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. 12 వేలకు 360 రూపాయలు. నష్టం కింద అంటారా, అది వాడి నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, పట్టుకునే ముందు వాడి సంజాయిషీ వినాలి. 1936 నాటి పాత చట్టంలోనూ దాదాపు ఇంతే. ఉందని తెలియని డైరీని చూడకపోవడం నిర్లక్ష్యం ఎట్లా అవుతుందో నాకైతే అర్థం కాలేదు.

లాడ్జి_తిరుపతి:
అందరూ కలిసి బాగానే వాయించారు. ఒకటి మాత్రం ఒప్పుకోను, ముందు రోజు నేను వాడి ముందే ఆ డైరీలో రాశాను, ఏంటి సార్ అది అని అడగొచ్చు కదా. నోరు లేనివాడికి ఎన్ని మెట్లెక్కించి ఏం లాభం?

చిత్తూరు_అక్క:
చేరి మూడో రోజు, ఓనరు రాసుకుంటుంటే ఏంటది అని ఎవరడుగుతారన్నా. మీరు అడగనిస్తారా?

లాడ్జి_తిరుపతి:
ఇందాక కూర్చోబెట్టి అడిగాను. మొదటి రోజు జీతం ఎప్పుడిస్తారని అడిగితే 'ముందు పని చేయి, తర్వాత అడుగుదువు' అన్నానట. నాకు గుర్తు లేదు. అనే ఉంటాను. డైరీ సొరుగులోంచి తీసి కౌంటర్ మీద దారంతో కట్టాను. 2 వేలు వదిలేశాను. పాస్‌పోర్టు సంగతి మాత్రం చెప్పలేదు, ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను, ఈ రాత్రి కూడా వాడిదే డ్యూటీ.