స్కాట్లాండ్ గద్దె బేలియల్‌కి ఎలా వెళ్ళింది? బావతో పందెం

కాలవగట్టు:
కాస్త తేల్చి పెట్టండి. 1290లో స్కాట్లాండ్ గద్దె ఖాళీ అయితే 13 మంది నాదంటే నాదని లేచారు కదా, అసలు పోటీ బేలియల్‌కీ బ్రూస్‌కీ. బ్రూస్ ఒక తరం దగ్గరవాడు. మరి తీర్పు బేలియల్ వైపు ఎలా వెళ్ళింది? లంచమేనని నేను, న్యాయమేనని మా బావ. ఆత్రేయపురం పూతరేకులు రెండు పెట్టెలు పందెం.

కరణంగారి మనవడు:
పెట్టెలు బావగారికి పంపేయండి. మూడో అలెగ్జాండర్ పిల్లలు ముగ్గురూ ఆయన కంటే ముందే పోయారు. 1286 మార్చిలో గాలివాన రాత్రి, వద్దన్నా వినకుండా కొత్త పెళ్ళాం దగ్గరికి బయల్దేరి కింగ్‌హార్న్ దగ్గర గుర్రం మీంచి పడి ఆయనా పోయాడు. మిగిలింది కూతురి కూతురు ఒక్కతే, నార్వే రాజు బిడ్డ. ఏడేళ్ళ పిల్ల, 1290లో ఓడలో వస్తూ ఆర్క్నీ దీవుల్లో కన్నుమూసింది. దాంతో తాతల నాటి డేవిడ్ అనే ఆయన కూతుళ్ళ దాకా వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. పెద్దకూతురి మనవడు బేలియల్, రెండోకూతురి కొడుకు బ్రూస్. మూడోకూతురి మనవడు హేస్టింగ్స్ అయితే రాజ్యాన్ని మూడు వాటాలు చెయ్యమన్నాడు, అచ్చం మన కొబ్బరితోట పంపకంలాగే! తగువు తేల్చడానికి 104 మంది కూర్చున్నారు, బేలియల్ ఎంచినవాళ్ళు 40, బ్రూస్ ఎంచినవాళ్ళు 40, ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ మనుషులు 24. పెద్దకూతురి శాఖ ఉండగా రెండో శాఖకి వెళ్ళదని 1292 నవంబరు 17న తేల్చారు. మోసం అక్కడ లేదు, అంతకుముందే జరిగింది. మీ అందరికీ పైవాణ్ణి నేనేనని ముందు ఒప్పుకోండి, తర్వాతే తగువు వింటానన్నాడు ఎడ్వర్డ్. ఒప్పుకున్నారు. 1296లో బేలియల్‌నే దింపేసి, చొక్కా మీది రాజచిహ్నం పీకించాడు. ఖాళీ చొక్కా అని ఆయనకి పేరు పడిపోయింది.

వేంగి అభిమాని:
పూర్తిగా ఒప్పుకోనండి. పెద్దశాఖకే గద్దె అన్నది అక్కడ తాతముత్తాతల రూలేం కాదు, పాతరోజుల్లో రాజవంశం శాఖల మధ్య మార్చి మార్చి వెళ్ళేది. కాబట్టి బ్రూస్ వాదన మరీ గాలి కబురు కాదు. ఆడపిల్ల తరఫున గద్దె రావడం మనకీ కొత్త కాదు, రాజమహేంద్రవరం రాజరాజనరేంద్రుడి కొడుకు కులోత్తుంగుడు తల్లి తరఫు చోళ సింహాసనం 1070లో ఎక్కలేదూ?

కాలవగట్టు:
మరి తర్వాత రాజైన బ్రూస్ ఎవరు?

కరణంగారి మనవడు:
ఓడిపోయినాయన మనవడు. 1306లో డమ్‌ఫ్రీస్ చర్చిలో తన ప్రత్యర్థి జాన్ కామిన్‌ని పొడిచి, నెలన్నర తిరిగేసరికి, స్కాట్లాండ్ రాజులకి పట్టం కట్టే స్కూన్‌లో పట్టం కట్టుకున్నాడు. రాజుని గద్దె మీద కూర్చోబెట్టే హక్కు ఫైఫ్ అనే సీమకి ప్రభువు, అంటే ఎర్ల్, వంశానిది, ఆ ఎర్లేమో కుర్రాడు, ఇంగ్లండ్ చేతిలో ఉన్నాడు. ఆ ఇంటి ఆడపడుచు ఇసబెల్లా, మొగుడు ఎదుటి పక్షంలో ఉన్నా, పరుగున వచ్చింది, ఆలస్యమైందని తంతు మళ్ళీ చేశారు. ఎడ్వర్డ్ ఆమెని పట్టి బెర్విక్ కోటలో బోనులో పెట్టించాడు.

వేంగి అభిమాని:
ఇంకో తమాషా చెప్పనా, ఆడవాళ్ళ తరఫున వచ్చిన ఈ బ్రూసే 1315లో కూతురు మార్జొరీని వెనక్కి నెట్టి తమ్ముణ్ణి వారసుడిగా ఒప్పించాడు. చివరికి 1371లో గద్దెక్కింది మార్జొరీ కొడుకే. ఆయన తండ్రి వాళ్ళది రాజుగారి ఇంటి పెత్తనం చూసే వంశపారంపర్య కొలువు, దాని పేరే ఇంటిపేరై స్టూవర్ట్ అయింది. మన దగ్గర కరణంవారు, మునసబుగారిల్లు ఉన్నట్టే.

కాలవగట్టు:
సరే, ఒక పెట్టె పంపుతా. 1306ని లెక్కలోకి తీసుకుంటే రెండోది నాదే అంటున్నా, బావ ఒప్పుకోవట్లేదు.