ఫ్లై ఫిషింగ్ పుట్టింది మాసిడోనియాలోనా, ఇంగ్లండులోనా?

పుటలపురుగు:
ఫ్లై ఫిషింగ్, అంటే గాలానికి ఉన్ని, ఈకలు కట్టి ఈగలా కనిపించే ఎర (ఫ్లై)తో చేపలు పట్టడం, రెండు వేల ఏళ్ల నాటిదని నిన్న ఒకరు రాశారు. అదంతా కబుర్లు. అసలు చరిత్ర 1496తో మొదలు. ఆ ఏడు వింకిన్ డి వర్డ్ అనే ముద్రాపకుడు లండన్ దగ్గర అచ్చేసిన సెయింట్ ఆల్బన్స్ పుస్తకంలో గాలం వేట మీద ఒక భాగం చేర్చారు. ఏ నెలకు ఏ ఈగ, దాన్ని ఏ ఉన్నితో, ఏ ఈకతో కట్టాలి, మొత్తం 12 రకాలు చెప్పారు.

గోదారోడు:
కబుర్లేంటండీ? క్రీ.శ. 200 ప్రాంతంలో రోమన్ రచయిత ఏలియన్ రాసింది చదివారా? మాసిడోనియాలో ఆస్ట్రయస్ నది. మచ్చల చేపలు నీటి మీద తిరిగే ఈగల్ని మింగుతాయి. ఆ ఈగను చేత్తో పట్టుకుంటే రంగు పోతుంది, రెక్కలు నలుగుతాయి, ఎరకు పనికిరాదు. అందుకని గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, పుంజు గడ్డం కింద పెరిగే మైనం రంగు ఈకలు రెండు కట్టేవాళ్లు. ఇది ఫ్లై కాకపోతే మరేంటి?

పుటలపురుగు:
ఏలియన్ "విన్నాను" అంటూనే మొదలెడతాడు. ఇటలీ దాటని మనిషని ఆ కాలపు గ్రీకు రచయిత ఫిలోస్ట్రాటస్ రాశాడు. పైగా ఆరడుగుల కర్రకి ఆరడుగుల తాడు. తాడు చుట్టే రీలు లేదు.

చిన్నచేప:
రీలే లెక్కయితే 1195 ప్రాంతంలో చైనా చిత్రకారుడు మా యువాన్ గీసిన బొమ్మలో ఉంది. ఇక చైనావాళ్లకి ఇచ్చేయండి 😀

గోదారోడు:
మీ 1496లో మాత్రం రీలుందా? గుర్రపు తోక వెంట్రుకలు పేని కర్ర కొసకే కట్టమన్నారు. ఇంగ్లిషు పుస్తకాల్లో రీలు ఊసు వచ్చింది 1651లో, థామస్ బార్కర్ రాశాకే.

పుటలపురుగు:
రీలు సంగతి కాదు నేననేది. ఒక నది, ఒక ఈగ. దాన్ని పద్ధతంటారా? రాసిపెట్టి పదిమందికి నేర్పితేనే విద్య.

గోదారోడు:
ఇప్పుడొచ్చారు దారికి. రాసినవాడిదే విద్య, చేసినవాడిది కాదు! మా నాన్న యానాం దగ్గర ఎర కట్టే తీరు ఒక పెద్దమనిషి పక్కన కూచుని, మా ఇంట్లో భోంచేసి మరీ రాసుకెళ్లాడు. పుస్తకం వచ్చింది. అందులో "స్థానికులు" అని ఉంది, నాన్న పేరు లేదు. ఏలియనూ అంతే, "మాసిడోనియా వాళ్లు" అని సరిపెట్టాడు.

చిన్నచేప:
ఇద్దరూ కాస్త మంచినీళ్లు తాగండి.

పుటలపురుగు:
మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే. దాన్ని తెచ్చి 1496కి ముడేయకండి. ఆ అచ్చులో గాలం వేట భాగానికి రచయిత పేరే లేదు. జూలియానా బర్నర్స్ అన్న పేరు తర్వాతివాళ్లు తగిలించారు.

గోదారోడు:
చూశారా, పుస్తకానికి పేరు లేకపోతే వెతికి మరీ తగిలించారు. ఆస్ట్రయస్ గట్టున ఉన్ని చుట్టినవాడి పేరు ఒక్కడైనా వెతికాడా?

పుటలపురుగు:
ఎక్కడ వెతకమంటారు? మళ్లీ ఏలియన్‌లోనేగా!